జీరో టికెట్ డబ్బులు సరే.. కొత్త బస్సు ఎవరు కొనాలి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిపోల ముందున్న అసలు ప్రశ్న

పొద్దున కాలేజీ టైమ్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.. ఈ మూడింట్లో ఏ బస్టాండ్‌కు వెళ్లినా సీన్ ఒక్కటే. పల్లె వెలుగు బస్సు ప్లాట్‌ఫామ్ మీద ఆగేలోపే సగం నిండిపోతుంది. కిటికీలోంచి కర్చీఫ్‌లు, బ్యాగులు సీట్లలో పడతాయి. డోర్ దగ్గర నిలబడటానికి కూడా జాగా ఉండదు. ఏ వ్యాపారికైనా ఇంత గిరాకీ ఉంటే ఏం చేస్తాడు? రెండో కొట్టు తెరుస్తాడు. ఆర్టీసీ మాత్రం రెండో బస్సు వేయలేకపోతోంది. ఎందుకు?

"ఆడవాళ్లకు ఫ్రీ ఇచ్చారు కదా, అందుకే ఆర్టీసీ మునిగింది" అనేది సోషల్ మీడియాలో రెడీమేడ్ జవాబు. "ఫ్రీ బస్సు వల్లే ఆర్టీసీ బతికింది" అనేది ప్రభుత్వం వైపు నుంచి వినిపించే మాట. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ మూడు డిపోల సమస్య ఈ రెండు మాటల మధ్య ఎక్కడో ఉంది. సూటిగా చెప్పాలంటే.. నిన్న తిరిగిన బస్సుకు డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉంది. రేపు తిరగాల్సిన బస్సును కొనిపెట్టే ఏర్పాటు చిన్న పట్టణాలకు లేదు.

ముందు ఫ్రీ బస్సు లెక్క చూద్దాం.

రోజుకు 11 కోట్ల టికెట్లు

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చిన రెండో రోజే సీఎం రేవంత్ రెడ్డి అసెంబ్లీ ప్రాంగణంలో జెండా ఊపారు. జిల్లాల్లో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్.. హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. వీటిలో తెలంగాణ మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ డబ్బులు లేవు. కానీ టికెట్ మాత్రం ఉంటుంది. అదే జీరో టికెట్. ప్రయాణికురాలు కట్టేది సున్నా. ఆ ప్రయాణం ఖరీదు ఎంతో మెషీన్‌లో నమోదవుతుంది. ఆ మొత్తాన్ని ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాలి.

2025 జులై 23 నాటికి ఈ జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలు అని రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ ప్రకటించారు. రాష్ట్రమంతా సంబరాలు చేశారు, డిపోల్లో కేకులు కోశారు. ఆ అంకెలను కాస్త విడదీసి చూస్తే మూడు సంగతులు తెలుస్తాయి. సగటున ఒక్క జీరో టికెట్ విలువ 33 రూపాయల చిల్లర. పథకం మొదలైన రోజు నుంచి లెక్కేస్తే రోజుకు దాదాపు 34 లక్షల ఉచిత ప్రయాణాలు. రోజుకు ప్రభుత్వం మీద పడుతున్న బిల్లు 11 కోట్ల పైమాటే.

2025-26 బడ్జెట్‌లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణానికి పెట్టింది 4,305 కోట్లు. రోజుకు పంచితే 11 కోట్ల 79 లక్షలు. అంటే కాగితం మీద చూస్తే లెక్క సరిపోయినట్టే. ప్రయాణం ఖరీదుకు తగ్గట్టు కేటాయింపు ఉంది. ఫ్రీ బస్సే ఆర్టీసీని ముంచింది అనేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగాలి.

అయితే ఈ అంకెలోనే అసలు చిక్కు కూడా ఉంది. 33 రూపాయలు అంటే డీజిల్, జీతం, టైర్లు, రిపేర్లు.. బస్సును ఆ ఒక్క ట్రిప్పు నడిపినందుకు వచ్చే చార్జీ. అందులోంచి మిగిల్చి కొత్త బస్సు కొనమంటే కష్టం. పైగా పల్లె వెలుగు చార్జీని ఖర్చు చూసి పెట్టరు, జనం కట్టగలిగింది చూసి పెడతారు. అదే పద్ధతి, ఉండాల్సింది కూడా అదే. కాకపోతే అందులో లాభం వెతకడం దండగ.

కండక్టర్ సంచిలో ఏముంది?

బడ్జెట్‌లో అంకె రాయడం వేరు, ఆ డబ్బు ఆర్టీసీ ఖాతాలో పడటం వేరు. డిపోలో పనిచేసేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

పాత రోజుల్లో డిపో అంటే ఒక పెద్ద కిరాణా కొట్టు లాంటిది. కండక్టర్ రాత్రి డ్యూటీ దిగి సంచిలో డబ్బు లెక్క అప్పజెప్పేవాడు. ఆ నగదు మర్నాడు బ్యాంకులో పడేది. డీజిల్‌కు, రోజువారీ ఖర్చులకు అదే ఆధారం. ఇప్పుడు ఒక ఉదాహరణ చూడండి. బస్సులో 60 మంది ఎక్కారనుకుందాం. అందులో 40 మంది మహిళలు. సంచిలోకి నగదు వచ్చేది 20 మంది నుంచే. మిగతా 40 మంది డబ్బు ప్రభుత్వం దగ్గర బాకీ కింద నమోదవుతుంది. బస్సు ఫుల్. ఓఆర్ అదిరింది. సంచి మాత్రం మూడో వంతే నిండింది.

రాష్ట్రం మొత్తం మీద కూడా ఇదే పరిస్థితి. మహాలక్ష్మికి ముందు ఆర్టీసీ బస్సుల్లో రోజుకు 45 లక్షల మంది దాకా తిరిగేవారు. తర్వాత ఆ సంఖ్య 60 లక్షల దగ్గరకు వెళ్లింది. అందులో సగం కంటే ఎక్కువ జీరో టికెట్లే. మరోలా చెప్పాలంటే ఆర్టీసీకి ఇప్పుడు అన్నింటికన్నా పెద్ద కస్టమర్ ఒక్కరే.. రాష్ట్ర ప్రభుత్వం. ఒక్క కస్టమర్ మీద ఆధారపడిన కొట్టు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ కస్టమర్ టైమ్‌కు కడితే అంతా బాగుంటుంది. నెల లేటు చేస్తే జీతాలో, డీజిలో, పీఎఫో.. ఏదో ఒకటి ఆగాలి. ముందు ఆగేది ఏదంటే, ఆగినా వెంటనే ఎవరూ గొడవ చేయనిది. కొత్త బస్సు కొనడం సరిగ్గా అలాంటి ఖర్చే. ఈ నెల కొనకపోతే ఈ నెల ఏమీ కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది, దీని గురించి పెద్దగా చర్చ జరగదు. సీటు దొరకని మగవాళ్లు బస్సు మానేసి బైకులు, షేర్ ఆటోలు ఎక్కుతున్నారు. నగదు ఇచ్చే ప్రయాణికుడు వాళ్లే మరి. బస్సుల సంఖ్య పెరగకుండా జనం పెరిగితే ఆర్టీసీ పోగొట్టుకునేది ముందుగా ఆ నగదునే.

బస్సుకు కూడా ఎక్స్‌పైరీ డేట్

కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కు కింద పంపాల్సిందే. ఆర్టీసీ బస్సులు కూడా ఇందులోకే వస్తాయి. కాలుష్యం, భద్రత దృష్ట్యా మంచి నిర్ణయమే. కానీ పాత బస్సు వెళ్లిపోతే దాని జాగాలోకి ఏది వస్తుంది?

చాలామందికి తెలియని విషయం ఏంటంటే జిల్లా డిపోల్లో పల్లె వెలుగుగా తిరిగే బస్సుల్లో కొన్ని అక్కడికి కొత్తగా వచ్చినవి కావు. దూర ప్రాంత సర్వీసులో కొన్నేళ్లు తిరిగి, రంగు మార్చుకుని పల్లెకు వస్తాయి. పెద్దోడి చొక్కా చిన్నోడికి ఇచ్చినట్టు. పైన కొత్త బస్సులు కొనడం తగ్గితే కింద పల్లె రూట్‌కు వచ్చే ఈ పాత చొక్కా కూడా రాదు. ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ కుట్టుకోవాలి.

పాత బస్సు, ఎక్కువ జనం, చెడ్డ రోడ్డు.. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడింది. ఆ బస్సులో 100 మందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది మహిళలు, పల్లె జనం. బస్సుల కొరత అంటే నిలబడి ప్రయాణం చేయడం ఒక్కటే కాదు అనడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

పథకాలన్నీ సిటీ సైజులోనే

మరి దేశంలో బస్సులు కొనడానికి డబ్బే లేదా? ఉంది. బాగానే ఉంది. కాకపోతే అది ఎవరికి అనేది చూడాలి.

కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 14,028 ఎలక్ట్రిక్ బస్సులకు 4,391 కోట్లు పెట్టారు. ఎవరికి? 40 లక్షల కంటే ఎక్కువ జనాభా ఉన్న తొమ్మిది మహానగరాలకు. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ జాబితాలో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. సిటీకి 2,000 బస్సులు కేటాయించారు. అంతకుముందు 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చేసిన పీఎం ఈ-బస్ సేవ ఉంది. 10,000 బస్సులు, కేంద్రం వాటా 20,000 కోట్లు. చిన్న నగరాల కోసమే అని చెప్పారు. కానీ 'చిన్న' అంటే వాళ్ల లెక్కలో 2011 జనాభా ప్రకారం కనీసం 3 లక్షలు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2011 లెక్కల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఏదీ లక్ష దాటలేదు. పాలమూరు మొత్తానికి కేంద్రమైన మహబూబ్‌నగర్ పట్టణం కూడా 3 లక్షలకు చేరలేదు. మూడు జిల్లాల జనాభా కలిపితే 20 లక్షల చిల్లర ఉంటుంది. అందులో పెద్ద భాగం పల్లెల్లోనే. ఈ 20 లక్షల మంది ఒక్క ఊళ్లో ఉండి ఉంటే పథకం వచ్చేది. వందల ఊళ్లలో ఉన్నారు కాబట్టి రాలేదు. నిజానికి బస్సు ఎక్కువ అవసరం ఎవరికి? మెట్రో, ఎంఎంటీఎస్, క్యాబ్, బైక్ ట్యాక్సీ ఉన్న ఊరికా, ఇవేవీ లేని ఊరికా?

హైదరాబాద్ సుఖంగా ఉందని కాదు. సిటీ బస్సుల నష్టం పాత కథ. ఆ నష్టంలో కొంత జీహెచ్‌ఎంసీ భరించాలని రాష్ట్రం వచ్చిన కొత్తలో ఏర్పాటు చేస్తే, బల్దియా 336 కోట్లు ఇచ్చి ఇక మా వల్ల కాదంది. 2019 సమ్మె టైమ్‌లో హైకోర్టులో దీని మీద పెద్ద వాదనే నడిచింది. 2025 అక్టోబర్ 6 నుంచి సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనంగా వసూలు చేయడం మొదలుపెట్టారు. ఆర్టీసీ చెప్పిన కారణం.. సిటీకి దశలవారీగా 2,800 ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి, వాటికి 10 కొత్త డిపోలు, 10 చార్జింగ్ స్టేషన్లు కావాలి, ఖర్చు 392 కోట్లు.

సిటీ జనం తిట్టుకున్నారు. తిట్టుకోవాల్సిందే, సామాన్యుడి జేబు మీద భారం అది. అయినా అక్కడ ఒక దారి ఉంది. సిటీలో డబ్బులిచ్చి ఎక్కే ప్రయాణికులు లక్షల్లో ఉన్నారు, వాళ్ల మీద ఐదో పదో వేస్తే వందల కోట్లు వస్తాయి. వనపర్తి డిపో ఆ పని చేయగలదా? పల్లె వెలుగులో మగ ప్రయాణికుడి మీద 5 రూపాయలు పెంచితే అతను షేర్ ఆటో ఎక్కుతాడు. మహిళల మీద పెంచితే అది మళ్లీ ప్రభుత్వ బిల్లే. నాగర్‌కర్నూల్ మున్సిపాలిటీని అడుగుదామా? దానికి డ్రైనేజీలకే డబ్బులు చాలవు.

ఆర్టీసీ నడిచేది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద. సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని ఆ చట్టంలోనే రాసుంది. మూలధనం కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టొచ్చని కూడా అదే చట్టంలో ఉంది. మొదటి మాట అందరూ గుర్తుపెట్టుకున్నారు. రెండోది మర్చిపోయారు.

మూడు రాష్ట్రాల కూడలిలో..

గద్వాల డిపోది మరీ వింత పరిస్థితి. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర మధ్య నడిగడ్డ. ఒకవైపు కర్నూలు, ఇంకోవైపు రాయచూరు. ఆస్పత్రికో, బంగారం కొనడానికో, పెళ్లి బట్టలకో ఇక్కడి జనం కర్నూలు వెళ్లడం మామూలే. అలంపూర్ నుంచి అయితే గద్వాల కంటే కర్నూలే దగ్గర.

ఇప్పుడు ఈ మూడు వైపులా ఫ్రీ బస్సే. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. తెలంగాణలో మహాలక్ష్మి అదే ఏడాది డిసెంబర్‌లో. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న. మూడు ప్రభుత్వాలు, మూడు పథకాలు. అయితే ఎవరి మహిళలకు వారి రాష్ట్రంలోనే. గద్వాల నుంచి కర్నూలు వెళ్లే మహిళకు తెలంగాణ బస్సులో సరిహద్దు వరకు జీరో టికెట్, అవతలి దూరానికి డబ్బులు పెట్టి టికెట్. ఏపీలోనైతే అంతర్రాష్ట్ర సర్వీసులకు ఫ్రీ వర్తించదు. బ్రిడ్జి మధ్యలో టికెట్ మారిపోతుందన్నమాట. ఒకే చీరల గడి, ఒకే బంధుత్వాలు, ఒకే సంత.. టికెట్లు మాత్రం మూడు రకాలు.

డబ్బుల కోణంలో పక్క రాష్ట్రాలు ఏం చేశాయన్నది ఇంకా ముఖ్యం. కర్ణాటకలో శక్తి వచ్చిన ఏడాదిన్నరకు, 2025 జనవరి 5 నుంచి బస్సు చార్జీలు 15 శాతం పెంచారు. అంటే ఒక చేత్తో మహిళలకు ఇచ్చి, ఇంకో చేత్తో మగవాళ్ల దగ్గర తీసుకున్నారు. ఏపీ వేరే దారిలో వెళ్లింది. 2020 జనవరి 1 నుంచి అక్కడి ఆర్టీసీ సిబ్బందిని ప్రజా రవాణా శాఖలో విలీనం చేసింది. దీంతో జీతాల బరువు నేరుగా ఖజానా మీదకు వెళ్లింది.

తెలంగాణలో? 2023 ఆగస్టు 6న విలీనం బిల్లు అసెంబ్లీలో పాసైంది. 43,373 మందిని ప్రభుత్వ ఉద్యోగులను చేస్తామన్నారు. గవర్నర్ తమిళిసై సెప్టెంబర్‌లో సంతకం కూడా పెట్టారు. కానీ అది అమల్లోకి వచ్చే తేదీ కోసం కార్మికులు 2025లో కూడా ఎదురుచూస్తూనే ఉన్నారు. తుంగభద్ర అవతల కండక్టర్ ప్రభుత్వ ఉద్యోగి. ఇవతల కండక్టర్ కార్పొరేషన్ ఉద్యోగి. ఇద్దరూ చేసే పని ఒకటే, చింపేది ఒకే రకం టికెట్.

జీతాలు ముందా, బస్సులు ముందా?

2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. దాదాపు 48,000 మంది పనిలోకి రాలేదు. చివరకు చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెంచి, కార్మికులను తిరిగి తీసుకున్నారు. ఆ టైమ్‌లోనే 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని అప్పటి సీఎం కేసీఆర్ ప్రకటించారు. అది జరగలేదు. జరిగి ఉంటే ప్రైవేటు వాళ్లు ఏ రూట్లు అడిగేవారో ఊహించడం కష్టమేం కాదు. హైదరాబాద్ నుంచి పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా కర్నూలు వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారికి క్యూ కట్టేవారు. అమ్రాబాద్ అడవి అంచు ఊళ్లకు రాత్రి హాల్ట్ బస్సు నడుపుతామని ఎవరు వస్తారు?

తర్వాత ప్రభుత్వం మారింది, కొన్ని బాకీలు తీరాయి. 2013 వేతన సవరణకు సంబంధించిన బాండ్ల సొమ్ము 280 కోట్లు 2024 ఫిబ్రవరిలో విడుదల చేశారు. 2017 నాటి వేతన సవరణకు 2024 మార్చిలో 21 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు. దీంతో ఏడాదికి 418 కోట్ల అదనపు భారం. ఏడేళ్లు ఆలస్యంగా వచ్చిన జీతాన్ని భారం అనడం కూడా అన్యాయమే. కానీ ఆర్టీసీ పద్దుల్లో అది అలాగే కనిపిస్తుంది. 2025 జనవరిలో కార్మిక సంఘాలు మళ్లీ సమ్మె నోటీసు ఇచ్చాయి. మే 7 నుంచి బస్సులు ఆపుతామన్నాయి. మే డే రోజున సీఎం స్వయంగా, ఖజానా పరిస్థితి బాగోలేదు, సమ్మె వద్దు అని అడిగారు. మంత్రితో చర్చల తర్వాత సమ్మె వాయిదా పడింది.

గమనించాల్సింది ఏంటంటే.. జీతాల కోసం సంఘాలు ఉన్నాయి, నోటీసు ఇస్తాయి, సర్కారు పిలిచి మాట్లాడుతుంది. ఫ్రీ టికెట్ కోసం ఓట్లు ఉన్నాయి. సిటీ బస్సు చార్జీ పెరిగితే మీడియా ఉంది. గద్వాల డిపోకు రావాల్సిన కొత్త పల్లె వెలుగు బస్సు కోసం నోటీసు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. అందుకే డబ్బు కొరత వచ్చిన ప్రతిసారీ కత్తెర పడేది అక్కడే.

మహిళా సంఘాల బస్సు: మంచి ఐడియా, కానీ..

కొనడానికి డబ్బు లేనప్పుడు ఆర్టీసీ పట్టుకున్న దారి అద్దె బస్సు. ఇది కొత్తేం కాదు, చాలా ఏళ్లుగా ఉన్నదే. కొత్త మలుపు ఏంటంటే 2025 మార్చి 8, మహిళా దినోత్సవం నాడు మండల మహిళా సమాఖ్యల బస్సులు రోడ్డెక్కాయి. మొత్తం 600 అనుకుంటే తొలి విడతలో 150. ఈ తొలి విడతలో పాత మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. బస్సు సమాఖ్యది, తిప్పేది ఆర్టీసీ. ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయల అద్దె.

ఈ స్కీమ్‌లో నచ్చాల్సిన విషయం చాలా ఉంది. బస్సు ఎక్కే మహిళే బస్సుకు ఓనర్ కావడం చిన్న సంగతి కాదు. అద్దె ఏ ట్రావెల్స్ యజమానికో కాకుండా సంఘం ఖాతాలోకి వెళ్తుంది. అయినా ఆర్టీసీ వైపు నుంచి లెక్క చూడక తప్పదు. ఏడాదికి అద్దె 9 లక్షల 26 వేల పైన. ఒక్కో బస్సు ధర దాదాపు 36 లక్షలు. అంటే నాలుగేళ్లు తిరగకముందే బస్సు ధరంత అద్దె కట్టేసినట్టే. చేతిలో 36 లక్షలు ఉంటే ఎవరూ ఈ బేరం చేయరు. లేవు కాబట్టి చేస్తున్నారు. అద్దె ఇల్లు, సొంతిల్లు లెక్క తెలిసిన ఏ మధ్యతరగతి కుటుంబానికైనా ఇది అర్థమవుతుంది. పైగా ఈ అద్దె కూడా కట్టాల్సింది అదే రాబడి నుంచి, అంటే ఎక్కువ భాగం ప్రభుత్వం నుంచి వచ్చే జీరో టికెట్ డబ్బుల నుంచే. అటు లేటైతే ఇటూ లేటే. అప్పుడు ఇబ్బంది పడేది పొదుపు సంఘం.

ఒక పోలిక. రాష్ట్రంలో ఒక్క రోజు జీరో టికెట్ల విలువతో ఇలాంటి 31 బస్సులు కొనొచ్చు. ఫ్రీ ఆపి బస్సులు కొనండి అని చెప్పడానికి కాదు ఈ పోలిక. రోజుకు 11 కోట్లు ప్రయాణానికి పెట్టగలిగిన రాష్ట్రం, ఏడాదిలో ఓ పది రోజుల సొమ్మును బస్సుల కొనుగోలుకు వేరే పద్దు కింద రాయలేదా అన్నదే ప్రశ్న. పది రోజులంటే 300 పైచిలుకు బస్సులు. రాష్ట్రవ్యాప్తంగా జిల్లా డిపోలకు పంచినా తేడా కనిపిస్తుంది.

రైలు కూత వినని ఊళ్లు

ఇదంతా ఈ మూడు జిల్లాలకే ఎందుకంత ముఖ్యం? ఎందుకంటే ఇక్కడ బస్సుకు ప్రత్యామ్నాయం లేదు. గద్వాలకు జంక్షన్ ఉంది, 2013 నుంచి రాయచూరు లైన్ కూడా ఉంది. ఆ మాత్రం అదృష్టం మిగతా రెండింటికి లేదు. 'వనపర్తి రోడ్' అనే రైల్వే స్టేషన్ ఉన్నది వనపర్తిలో కాదు, దూరంగా మదనాపురం దగ్గర. పేరులోనే 'రోడ్' అని ఒప్పేసుకున్నారు. నాగర్‌కర్నూల్ జిల్లాలోనైతే రైలు పట్టానే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మాచర్ల లైన్ వేయాలన్న డిమాండ్ దశాబ్దాల నాటిది. సర్వేల దగ్గరే ఉంది.

2016 అక్టోబర్ 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పల్లె నుంచి పట్టణానికి పని పెరిగింది. పింఛను పేచీ, భూమి కాగితం, డయాలసిస్, డిగ్రీ పరీక్ష.. దేనికైనా జిల్లా కేంద్రానికి రావాలి. జిల్లాలు పెంచినప్పుడు బస్సుల లెక్క ఎవరూ వేయలేదు. ఇప్పటికీ ఇవి పాత మహబూబ్‌నగర్ రీజియన్ కిందే ఉన్నాయి, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్, నారాయణపేట లాంటి డిపోలతో కలిసి.

పల్లెలో చివరి బస్సు పోతే ఏమవుతుంది? మగపిల్లాడికి బైక్ కొనిస్తారు. ఆడపిల్లకు మాత్రం కాలేజీ ఆగుతుంది, లేదా హాస్టల్ వెతకాలి. జీరో టికెట్ ఆమెకు హక్కు ఇచ్చింది, నిజమే. కానీ సాయంత్రం ఐదున్నరకు బస్సు లేకపోతే ఆ హక్కు ఆధార్ కార్డు కవర్‌లోనే ఉండిపోతుంది. పాలమూరు పల్లెల్లో రాత్రికి ఊళ్లోనే ఆగి తెల్లారి బయల్దేరే నైట్ హాల్ట్ బస్సుకు ఉన్న విలువ అదే. డిపోకు అది నష్టాల సర్వీసు. రాత్రంతా బస్సు, ఇద్దరు సిబ్బంది అక్కడే ఉండాలి. ఖర్చు తగ్గించుకోమంటే ముందు రద్దయ్యేది కూడా అదే.

డిపో మేనేజర్ కుర్చీలో ఎవరున్నా లెక్క ఒకేలా వస్తుంది. ఉన్న బస్సులు కొన్నే. వాటిని హైదరాబాద్ రూట్‌లో డీలక్స్‌గానో, సూపర్ లగ్జరీగానో వేస్తే మగ, ఆడ తేడా లేకుండా అందరూ టికెట్ కొంటారు, సాయంత్రానికి నగదు చేతికొస్తుంది. పల్లె రూట్‌కు వేస్తే జీరో టికెట్ల బిల్లు పైకి పంపి ఎదురుచూడాలి. సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని చట్టమే చెబుతుంటే మేనేజర్ ఏ వైపు మొగ్గుతాడు? తప్పు ఆయనది కాదు, ఆయన చేతికిచ్చిన లెక్కది.

కోరుతున్నది ఏంటి?

కార్మిక సంఘాల వాదన ఎప్పటి నుంచో ఒకటే.. ఆర్టీసీకి రాష్ట్ర బడ్జెట్‌లో నికరమైన వాటా ఉండాలి, కొత్త బస్సులు సంస్థే కొనాలి, అద్దె బస్సులు తగ్గాలి. సర్కారు వాదన, ఖజానాలో ఉన్నదే పంచగలం. రెండూ వినాల్సినవే. మధ్యలో చేయగలిగిన చిన్న పనులు మాత్రం ఉన్నాయి. మహాలక్ష్మి బిల్లుకు తేదీ పెట్టడం వాటిలో మొదటిది. నెల తిరిగేసరికి ఫలానా రోజున డబ్బు పడుతుందని తెలిస్తే బ్యాంకు కూడా బస్సు మీద అప్పు ఇవ్వడానికి ముందుకొస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని రాబడి మీద ఎవరూ అప్పివ్వరు. రెండోది, డిపోలవారీగా లెక్కలు బయటపెట్టడం. రాష్ట్రంలో 200 కోట్ల టికెట్లు అని చెబుతున్నారు కదా, గద్వాల డిపోలో ఎన్ని? ఆ డబ్బులో ఎంత తిరిగి వచ్చింది? ఎన్ని బస్సులు తగ్గాయి, ఎన్ని వచ్చాయి? ఈ అంకెలు బస్టాండ్‌లో బోర్డు మీద రాస్తే చాలు, ఎమ్మెల్యేలను జనమే అడుగుతారు.

సీఎం రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉంది. ఆయన చదువుకున్నది వనపర్తిలో. మంత్రి జూపల్లి కృష్ణారావుది కొల్లాపూర్. అధికారం విషయంలో ఈ ప్రాంతానికి ఇంతకంటే మంచి రోజులు గతంలో లేవు. అడగాల్సిన టైమ్ కూడా ఇదే.

2025 సెప్టెంబర్‌లో ఆర్టీసీలో 1,743 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 1,000 డ్రైవర్లు, 743 శ్రామిక్‌లు. ఆ వెయ్యి మంది శిక్షణ ముగించుకుని డిపోలకు వచ్చినప్పుడు చేతికివ్వడానికి స్టీరింగ్‌లు కావాలి. 2028లో కృష్ణా పుష్కరాలు కూడా ఉన్నాయి. 2016లో లాగే బీచుపల్లి, సోమశిల ఘాట్‌లకు లక్షల్లో జనం వస్తారు. అప్పటికి ఈ డిపోల్లోని మరికొన్ని బస్సులకు 15 ఏళ్లు నిండుతాయి.